పద్నాలుగో అంశం

కాశీబుగ్గ పురపాలక సమావేశ మందిరంలో
ఫ్యాన్లు మూడు, తిరిగేవి రెండు.
తిరగని దాని కింద నా కుర్చీ.
తీర్మానాల పుస్తకం రాసేవాడికి
కాగితాలు ఎగరకూడదని
ఎవరో ఎప్పుడో ఆలోచించి వేశారట.

పదమూడు అంశాలు టీ రాకముందే అయిపోయాయి.
వీధి దీపాలు: ఆమోదించడమైనది.
పందుల తరలింపు: ఆమోదించడమైనది.
చేపల బజారు ఆశీలు పాట:
ఇద్దరు అరుచుకుని, నవ్వుకుని,
ఆమోదించడమైనది.
ఆ 'అయినది'లో మనిషి కనపడడు.
పాతికేళ్లుగా నేను కాపురముంటున్నది అందులోనే.

పద్నాలుగో అంశానికి
బెహరా గారు పటం విప్పారు.
ఇళ్లకు పసుపు, కార్ఖానాలకు ఊదా,
పొలాలకు పచ్చ, గెడ్డకు నీలం.
తిత్లీ రాత్రి కప్పు రేకులు లేచిపోయినప్పుడు
తడిసిన పటమే.
నీలం కాస్త పసుపులోకి దిగింది.
గెడ్డా అంతే, ఏటా ఏడో వార్డు వంటిళ్లలోకి దిగుతుంది.
ఆ పటంలో సరిగ్గా ఉన్నది
ఆ తప్పొక్కటే.

"పదకొండో వార్డులో రెండు వీధులు
నివాసం నుంచి పరిశ్రమకు మార్పు.
అక్కడ జీడి బట్టీలు ఇప్పటికే పంతొమ్మిది.
ఉన్నదానికి రంగు వేయడమే కదండీ"
అన్నారు పొట్నూరు కూర్మారావు.
పంతొమ్మిదిలో నాలుగు ఆయనవి.
"కాదంటే అన్నిటికీ తాళాలే, చట్టం అలా ఉంది"
అన్నారు కమిషనర్, గడియారం చూస్తూ.

గీత ఎక్కణ్ణుంచి ఎక్కడికని ఎవరో అడిగితే
బెహరా గారు పెన్సిల్ పెట్టారు.
అది యవర్న బైరాగి ఇంటి మధ్యగా పోయింది.
ముందు గది నివాసం,
వంటగది పరిశ్రమ.
సభ నవ్వింది. నేనూ నవ్వాను.

కొర్ల దాలమ్మ నవ్వలేదు.
పదకొండో వార్డు ఆవిడది.
గెలవకముందు ఇరవై రెండేళ్లు జీడిపిక్కలు కొట్టింది.
హాజరు యంత్రం ఆవిడ వేలిని
ఇప్పటికీ మనిషి వేలనుకోదు.
జీడి నూనె తినేసిన చోట గీతలుండవు.
ఆవిడ హాజరు నేనే చేత్తో వేస్తాను.

లేచి, పటం దాకా నడిచి,
ఆ వేలు పసుపు మీద ఆనించింది.

"ఇది మా ఈది.
పొగకి మా కోడలు రాత్రంతా దగ్గుతాది.
పొగొద్దు బాబూ.
బట్టీలు ఊరవతలకెల్తే
ఆటోకి రానూ పోనూ నలభై,
ఆ కూలికి మరేటి మిగుల్తాది?
పని కావాల.
పొగ ఉండకూడదు, పనుండాల.
దానికి ఏటి రంగేస్తారు?"

బెహరా గారు పటం అడుగున రంగుల పట్టీ వైపు వంగారు.
నిజంగానే వెతికారు.
ఆయన మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

తర్వాత టీ వచ్చింది.
తర్వాత, అభ్యంతరములున్నచో
పదిహేను దినములలో లిఖితపూర్వకముగా
అని తేలింది.

"సభ్యురాలు తమ అభిప్రాయము తెలియజేసిరి"
అని రాశాను.
కొట్టేశాను.
ఆవిడ మాటే రాశాను, 'ఏటి'తో సహా.
కమిషనర్ అడుగున సంతకం పెట్టారు.
చదివారో లేదో.

నోటీసు, పదకొండో వార్డు కుళాయి పక్క గోడకి
మైదా జిగురుతో నేనే అంటించాను.
పదిహేనో రోజు ఊడదీయడానికి వెళ్లాను.
లిఖితపూర్వకంగా వచ్చినవి: లేవు.
కాగితం మాత్రం నల్లబడి ఉంది.
ఎవరో చదువుతుంటే
పంక్తి వెంట పంక్తి వేలు జరుపుతూ విన్నట్టున్నారు.
చాలామంది.
గీతల్లేని మరకలు,
వేలిముద్రలు అనడానికి వీల్లేదు.

మడవకుండా తెచ్చి బల్ల మీద పరిచాను.
ఇన్‌వార్డ్ రిజిస్టర్‌లో నంబరు వేశాను, తేదీ వేశాను.
పంపినవారి పేరు దగ్గర కలం ఆగింది.

సాయంత్రం బట్టీలు రాజేసినట్టున్నారు.
గొంతు గరగరలాడింది.
కిటికీ వేయమన్నాను అటెండర్ని.

వేసే ఉందన్నాడు.